గుమ్మం వారి ఫోన్ నెంబరు

వస్తువు మనిషిని చేరడం వ్యాపారం. మనిషి వ్యాపారిని చేరడం అత్యాశ. ఈ రెండు స్తంభాల మీదనే నేటి ఆన్‌లైన్ వర్తకం నిలబడి ఉందని, ఏ ఒక్కదాన్ని కదిలించినా పైకప్పు కూలుతుందని 'గుమ్మం' కంపెనీ సంప్రదింపుల నివారణ విభాగం అధిపతి శ్రీ లక్ష్మీనరసయ్య గారు ఒక సమావేశంలో సెలవిచ్చారు. (ఆ సమావేశం ఎక్కడ జరిగిందో తెలియదు. కనుక్కుందామని ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.)

గుమ్మానికి ఫోన్ నెంబరే లేదని గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తుంటారు. ఇది అన్యాయం. నెంబరు ఉంది. దాన్ని భద్రంగా దాచారు. విలువైన వస్తువును ఎవరైనా వీధిలో పెడతారా? యాప్‌లో 'సహాయం' అన్న మాట మీద వేలు పెడితే, 'మీకు నిజంగానే సహాయం కావాలా?' అని అడుగుతుంది. అవునంటే, 'ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూశారా?' అంటుంది. చూశామంటే, 'తరచుగా అడిగే ప్రశ్నలు' అనే చోటికి తీసుకుపోయి వదిలేస్తుంది. అక్కడ ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్నలన్నిటికీ జవాబులుంటాయి.

ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ ఇబ్బంది లేకుండా రోజులు గడిచిపోతుండగా, మోషే చెవులు మొండికేశాయి.

మార్కాపురం నుంచి కొనకనమిట్ల పోయే దారిలో ఆటో దిగి, లోపలికి నడిస్తే వచ్చే పల్లె మోషేది. ఇంట్లో ఆయన, భార్య మణెమ్మ, పదో తరగతి చదివే మనవరాలు ఫెబీ ఉంటారు. ఫెబీ అమ్మానాయన మిరపకాయ కోతలకు గుంటూరు దిక్కు పోయి ఉన్నారు. మోషే పని మాలకొండయ్య మేకలను మేపడం.

మేకలు కాయడం కళ్ళతో చేసే పని అని చాలామంది అనుకుంటారు. అది చెవుల పని. కొండవాలులో, ముళ్ళచెట్ల నడుమ మేక కనపడదు. దాని మెడలో గంట వినపడుతుంది. ఏ గంట ఎటు జరుగుతోందో విని మోషే ఒక కేక వేస్తే మంద మొత్తం మళ్ళేది. నిరుటి నుంచి ఆ గంటలు మోషేకు ఆగిపోయాయి. (మేకల మెడల్లో మోగుతూనే ఉన్నాయి. అది వేరే సంగతి.) మొదట ఒక మేకపిల్ల తప్పిపోయింది. తర్వాత ఒక చూడి మేక పోయింది. అప్పుడు మాలకొండయ్య వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"మోషే మామా, నువ్వంటే నాకు గౌరవమే. కానీ ఇంకొక్క మేక పోయిందంటే మందను యర్రగొండపాలెం వాళ్ళకు అప్పజెప్తా. మళ్ళా ఏమనుకోవద్దు."

"ఆఁ," అన్నాడు మోషే.

"మందను తీసేసుకుంటానంటున్నా మామా."

"ఆఁ, ఆఁ. కూర్చో నాయనా, మజ్జిగ తాగుదువు."

చెవుడు వచ్చినవాళ్ళలో రెండు రకాలున్నారు. ప్రతిదానికీ 'ఏంది, ఏంది' అని అడిగేవాళ్ళు ఒక రకం. ఎదుటివాళ్ళను కష్టపెట్టడం ఎందుకని అన్నిటికీ 'ఆఁ' అనేవాళ్ళు రెండో రకం. మోషే మర్యాదస్తుడు కాబట్టి రెండో రకంలో చేరాడు. మాలకొండయ్య ఏం చేయాలో తోచక మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మణెమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కూర మాడబెట్టింది. మణెమ్మ కూర మాడబెట్టడం ఫెబీ ఎన్నడూ చూడలేదు. మేకలు లేకపోతే తాత పొద్దున్నే లేచి ఎటు పోతాడు? మేకల వెంట తప్ప ఇంకెటూ నడవడం ఆయనకు తెలియదు. మార్కాపురంలో డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి మిషన్ పెట్టుకోమన్నాడు. ఫెబీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్లో గుమ్మం తెరిచి, మంచి మిషన్ చూసి ఆర్డర్ పెట్టింది. సిమ్ కార్డు మోషే పేరు మీద ఉంది కాబట్టి గుమ్మం రికార్డుల్లో మోషే గారే వారి గౌరవనీయ వినియోగదారులయ్యారు.

పార్శిల్ వచ్చింది. విప్పితే అందులో ఒక జత బుట్టకమ్మలున్నాయి. బంగారు రంగు పూత, చుట్టూ అద్దం బిళ్ళలు, అరచేతిని నింపేంత బుట్టలు.

"ఏంది పాపా ఇవి? మిషన్ యాడుంది?" అంది మణెమ్మ.

"తప్పు వచ్చిందవ్వా."

"తప్పెట్ల వస్తది? అంత పెద్ద కంపెనీ పెట్టినోళ్ళు మనలెక్క చదువురానోళ్ళా?"

తప్పు కాదని తర్వాత తెలిసింది. గుమ్మం గోదాములో సరుకంతా శరీర భాగాల వారీగా సర్దుతారు. చెవి అరలోంచి చెవికి సంబంధించిన వస్తువే వచ్చింది. కంపెనీ భాషలో దీన్ని 'దాదాపు సరైన చేరవేత' అంటారు. మణెమ్మ వాళ్ళ చర్చి సంఘంలో ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు. మగవాళ్ళ సంగతి ఏమిటని అడగాల్సిన అవసరం అప్పటిదాకా రాలేదు.

ఫెబీ యాప్‌లో 'ప్రియమిత్ర' అనే యంత్రంతో సంభాషణ మొదలుపెట్టింది. ఫెబీకి ఈ పద్ధతి నచ్చింది. బడిలో హాజరు పలికితే పక్క బెంచీకి కూడా వినపడని పిల్ల ఆమె. ప్రియమిత్ర ముఖం చూడదు, గొంతు వినదు, గట్టిగా చెప్పమని కసరదు. 'వచ్చిన వస్తువు ఎలా ఉంది?' అని అడిగి, జవాబులు కూడా అదే ఇచ్చింది: చాలా బాగుంది, బాగుంది, ఇంకొకటి కావాలి. ఫెబీ మూడింటినీ వదిలేసి 'తప్పు వస్తువు వచ్చింది' అని రాసింది. ప్రియమిత్ర కాసేపు ఆలోచించి, వినియోగదారుడు ఆ వస్తువును ధరించిన ఫోటో పంపమంది.

మోషేను గోడ దగ్గర నిలబెట్టారు. బుట్టకమ్మలను చెవుల పక్కన పట్టుకొమ్మని ఫెబీ సైగ చేసింది. ఎందుకో ఆయనకు తెలియదు. అయినా "ఆఁ" అని పట్టుకున్నాడు. ఫోటో పంపగానే, ఇంకా తాత చేతులు దించకముందే జవాబు వచ్చింది.

'మోషే గారూ, ఇవి మీకు చాలా బాగా నప్పాయి! మీ సమస్య పరిష్కారమైంది. మరో జత చూస్తారా?'

ఆ ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా అని అడిగినప్పుడు, మణెమ్మ లేచి కస్టమర్ కేర్ వాళ్ళ గురించి చెప్పింది. పాస్టరు తిమోతి అయ్యగారు వారి మనసులు మెత్తబడాలని, వారి చెవులు తెరుచుకోవాలని ప్రార్థించారు. (అయ్యగారు నిరుడు అదే కంపెనీకి చర్చి మైకు కోసం డబ్బు కట్టి, ఇంకా ఎదురుచూస్తున్నారు. అందుకే ప్రార్థన కొంచెం పొడుగైంది.)

ప్రార్థన ఫలించినట్టే ఉంది. మర్నాడు పార్శిల్ డబ్బాను పొయ్యిలో పెట్టబోతుంటే, అడుగున అంటించిన టేపు ఊడి, దాని కింద చీమ కాలంత అక్షరాల్లో ఒక ఫోన్ నెంబరు బయటపడింది.

ఆ ఊళ్ళో సిగ్నల్ సరిగ్గా దొరికేది ఒక్కచోటే. మూతపడిన పలకల గని పక్కన, పనికిరాని రాతి ముక్కలు పోసిన దిబ్బ మీద. మెసేజీ అయితే ఇంట్లోకి ఎలాగో దారి వెతుక్కుంటూ వస్తుంది. గొంతు మాత్రం దిబ్బ దిగి రాదు. అవ్వా మనవరాలూ బుట్టకమ్మల పార్శిల్ పట్టుకుని దిబ్బ ఎక్కారు. ఫెబీ నెంబరు కొట్టి స్పీకరు పెట్టింది.

"గుమ్మానికి స్వాగతం. కొనడానికి ఒకటి నొక్కండి. ఇంకా కొనడానికి రెండు నొక్కండి. కొన్నందుకు మమ్మల్ని అభినందించడానికి మూడు నొక్కండి. ఇవేవీ కాకపోతే ఫోన్ పెట్టేయండి."

ఫెబీ మంచి విద్యార్థిని. పెట్టేయమంటే పెట్టేసింది.

"ఏమైంది?"

"పెట్టేయమన్నారవ్వా."

"వాళ్ళు అంటే నువ్వు పెట్టేస్తావా? ఇటియ్యి."

ఇక్కడ ఆ పల్లెలో ఫోన్ మాట్లాడే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. ఇద్దరిలో ఒకరు 'ఉంటా మరి' అనాలి. రెండోవారు 'సరే, ఉండు' అనాలి. అప్పుడుగానీ ఫోన్ పెట్టకూడదు. మధ్యలో పెట్టేయడమంటే, మాట్లాడుతున్న మనిషి ముందు నుంచి లేచిపోవడమే. మణెమ్మ తన జీవితంలో ఎవరి ముందు నుంచీ అలా లేచిపోలేదు. ఎంత విసిగించినా సరే, ఏదో ఒక దశలో మనిషన్నవాడు ఫోన్ పెట్టేస్తాడన్న నమ్మకం మీద లక్ష్మీనరసయ్య గారి విభాగం మొత్తం ఆధారపడి ఉంది. నమ్మకం గట్టిదే. వారు మణెమ్మను లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

మణెమ్మ ఏమీ నొక్కలేదు. కాసేపటికి స్వరం మారింది.

"మీ కాల్ మాకు ఎంతో విలువైనది. దయచేసి వేచి ఉండండి."

"అట్లనేలే తల్లీ. మాకేం తొందర లేదు," అంది మణెమ్మ.

సంగీతం మొదలైంది. మణెమ్మ చెవి ఒగ్గి వింది.

"పాట బాగుంది గానీ, ముందుకు పోదేందే పాపా? మొదలైన చోటికే మళ్ళీ మళ్ళీ వస్తాంది."

గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని దిబ్బ కింద పోతున్న వెంకటలక్ష్మమ్మ ఆగింది.

"ఎవురితో వదినా, ఇంతసేపు?"

"కంపెనీవాళ్ళతో."

"ఏమంటున్నారు?"

"మనం శానా విలువైనోళ్ళమంట."

"అబ్బో!" అని వెంకటలక్ష్మమ్మ మోపు దించి కూర్చుంది. తన గురించి కూడా ఏమైనా అంటారేమోనని కొంతసేపు విని, ఎంతకీ అనకపోయేసరికి లేచి వెళ్ళిపోయింది. నీడ దిబ్బకు అటువైపు నుంచి ఇటువైపుకు వచ్చింది. మణెమ్మ సద్దిమూట విప్పి తింది. విలువైనదని చెప్పిన ప్రతిసారీ "అట్లనేలే" అంటూనే ఉంది. ఫెబీ పెట్టేద్దామని మూడుసార్లు నోరు తెరిచి, మూడుసార్లు మూసుకుంది.

ఉన్నట్టుండి సంగీతం ఆగింది. నిశ్శబ్దం. అందులో ఎవరో ఊపిరి తీస్తున్నారు.

"హలో," అంది మణెమ్మ.

"హలో... ఎవరు?" అంది ఒక మగగొంతు, భయంగా.

"నేనే నాయనా, మణెమ్మను."

"మీరు లోపలికి ఎట్ల వచ్చినారు?"

అవతల కుర్చీలు జరిగాయి. "నిజంగా కస్టమరేనా?" అని ఎవరో అడిగారు. "నువ్వేం ముట్టుకోవద్దు, సారును రానీ," అని ఇంకెవరో అన్నారు. ఆ అబ్బాయి పేరు మహేష్. ఫోన్లు మాట్లాడే ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అతనికి వచ్చిన మొదటి ఫోన్ ఇదే.

"ఊరికే ఆ పాట వింటా కూర్చున్నా. నువ్వొచ్చినావు," అంది మణెమ్మ. "ఏ ఊరు నాయనా మీది?"

"అట్ల చెప్పకూడదవ్వా, రూలు."

"అవ్వా అన్నావు. మా దిక్కు పిల్లోడివే. గిద్దలూరా?"

కొంచెం ఆగి, "...రాచర్ల," అంది గొంతు.

"రాచర్లలో ఎవురి పిల్లోడివి?"

"అవ్వా, ఈ కాల్ రికార్డవుతాది."

"కానీలే, మంచి మాటే గదా. అమ్మ పేరేంది?"

"విజయమ్మ."

"బాగుందా?"

"బాగుందవ్వా. మోకాళ్ళే..." అని, వెనక ఎవరో దగ్గడంతో మహేష్ సర్దుకున్నాడు. "చెప్పండమ్మా, మీకు ఏ విధంగా సహాయపడగలను?"

మణెమ్మ అంతా చెప్పింది. గంటల సంగతి, తప్పిపోయిన మేకల సంగతి, మాలకొండయ్య మాట, బుట్టకమ్మలు. మహేష్ మధ్యలో రెండుసార్లు "అయ్యో" అన్నాడు. (అది కంపెనీ అనుమతించిన మాటల్లో లేదు.) అన్నీ విని, ఖాతా మోషే గారి పేరు మీద ఉంది కాబట్టి మోషే గారే స్వయంగా ఫోన్లో మాట్లాడాలన్నాడు.

"ఆయనకు వినపడదు గదా నాయనా. అందుకే గదా మిషన్."

"నిజమే అవ్వా. కానీ ఆయనే మాట్లాడాల."

మోషే ఎదురుగా కొండవాలులో మేకల వెనక ఉన్నాడు. కేక వేస్తే ఊరంతా పలుకుతుంది గానీ ఆయన పలకడు. మణెమ్మ పార్శిల్‌లోంచి బుట్టకమ్మలు తీసి, చెయ్యి పైకెత్తి ఎండలో ఊపింది. అద్దం బిళ్ళలు మెరిశాయి. వాలులో చిన్నగా కనపడుతున్న మోషే ఆగి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి చూసి, దిగి రావడం మొదలుపెట్టాడు.

ఫోన్ ఆయన నోటి దగ్గర పెట్టారు. మహేష్ గొంతు పుస్తకం చదువుతున్నట్టు మారిపోయింది. వెనక సారు వచ్చి నిలబడినట్టున్నాడు.

"మోషే గారేనా మాట్లాడేది?"

ఎదుటి మనిషి పెదవులు కనపడకపోయినా, పక్కవాళ్ళు తన ముఖం వైపు చూసినప్పుడల్లా ఒక మాట అంటే చాలని మోషేకు తెలుసు. "ఆఁ," అన్నాడు.

"మీరు మా వద్ద చెవి మిషన్ ఆర్డర్ చేశారా?"

"ఆఁ."

మణెమ్మ ముఖం వెలిగింది. సరిగ్గానే చెప్తున్నాడు!

"మీకు పార్శిల్ అందిందా?"

"ఆఁ."

"అందులోని వస్తువు చెవికి సంబంధించినదేనా?"

"ఆఁ."

"మా సేవలతో మీరు తృప్తి చెందారా?"

"ఆఁ."

ఫెబీ తాత చొక్కా పట్టి లాగింది. ఆయన మనవరాలి తల నిమిరాడు.

"అయితే ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నారా?"

"ఆఁ, ఆఁ. కూర్చో నాయనా, మజ్జిగ తాగుదువు."

ఫెబీ ఫోన్ లాక్కుంది. ఏం చేస్తోందో ఆలోచించే లోపలే ఆమె గొంతు బయటికి వచ్చేసింది.

"తాతకు వినపడదు! ఆయన అందరికీ అట్లనే అంటాడు!"

ఆ అరుపుకు దిబ్బ కింద మేస్తున్న బర్రె తలెత్తి చూసింది. ఇంత గొంతు తనలో ఎక్కడుందో ఫెబీకి కూడా తెలియదు.

అవతల సారు అడుగులు దూరమయ్యాయి. తర్వాత మహేష్ మెల్లగా అన్నాడు. "నాకు తెలుసు పాపా. మా తాత కూడా అంతే. కానీ సిస్టం ఒప్పుకోదు. రూలు చదువుతా, విను. 'ఫోన్‌లో మాట్లాడలేని వారి ఫిర్యాదు స్వీకరించబడదు. ఫోన్‌లో మాట్లాడగలిగిన వారికి చెవి మిషన్ అవసరం లేదు.'"

"ఎవరు రాసినారన్నా ఇది?"

"లక్ష్మీనరసయ్య సారు." గొంతు ఇంకా తగ్గించాడు. "నేను పైన అడిగి చూస్తాలే. ఉంటా మరి అవ్వా."

"సరే నాయనా, ఉండు. మీ అమ్మను మోకాళ్ళకు ఆముదం కాచి రాసుకోమను."

అప్పుడుగానీ మణెమ్మ ఫోన్ పెట్టలేదు.

దిబ్బ మీద ముగ్గురూ కూర్చున్నారు. కాసేపటికి మోషే అడిగాడు. "దేనికి పిలిచినావే? ఆడ్నుంచి తళుక్కుమంటే చూసి, ఏమో అనుకుని వచ్చినా."

ఫెబీ తాత వైపు చూసింది. తర్వాత బుట్టకమ్మల వైపు చూసింది.

మర్నాడు మందకు ముందు నడిచే మేకపోతు రెండు కొమ్ములకూ బుట్టకమ్మలు వేలాడాయి. అది ఎటు పోతే మంద అటు పోతుంది. అది ఎక్కడుందో కొండ మొత్తం మీద ఎక్కడి నుంచైనా కనపడుతుంది. నగల విషయంలో సంఘం కట్టుబాటు మేకలకు వర్తిస్తుందా అని మణెమ్మ అడిగితే, తిమోతి అయ్యగారు బాగా ఆలోచించి వర్తించదన్నారు. మాలకొండయ్య వచ్చి చూశాడు.

"ఏంది మామా, మా పోతుకు పెండ్లా?"

"ఆఁ," అన్నాడు మోషే.

మాలకొండయ్య నవ్వి, మంద లెక్క సరిపోయిందని చూసుకుని, ఇంకొన్నాళ్ళు చూద్దాంలెమ్మని వెళ్ళిపోయాడు. మబ్బు పట్టిన రోజున మాత్రం మోషే మేకలను కొండ ఎక్కించడు. ఆ దిక్కున మబ్బు పట్టడం అరుదు కాబట్టి పని నడిచిపోతోంది. అయితే బుట్టకమ్మల మెరుపు మేకపోతును చూపిస్తుంది గానీ మనవరాలి మాటను వినిపించదు. ఫెబీ ఆ రోజు అరిచిన అరుపు ఊరంతా విన్నది. తాత వినలేదు.

చాలా రోజుల తర్వాత, ఫెబీ దిబ్బ మీద చదువుకుంటుండగా ఫోన్ మోగింది. ఈసారి ఆడగొంతు. మహేష్ పైన అడిగినట్టే ఉన్నాడు. ప్రత్యేక దయతో మోషే గారికి చెవి మిషన్ మంజూరైందని, పంపడానికి ఆయన తన నోటితో ఒక్కసారి సమ్మతి తెలపాలని, 'ఆఁ' అన్నా చాలునని ఆమె చెప్పింది.

"ఉండండి మేడం, పిలుస్తా!" అంది ఫెబీ. కింద చితుకులు ఏరుతున్న మణెమ్మను కేకేసి పైకి రప్పించింది. మణెమ్మ ఆ రోజులాగే చెయ్యి పైకెత్తింది. చేతిలో ఏమీ లేదు. బుట్టకమ్మలు ఎదురుగా వాలులో, మేకపోతు కొమ్ముల మీద మెరుస్తున్నాయి.

ఫెబీ ఫోన్ అవ్వకు ఇచ్చి కొండ వైపు పరుగెత్తింది.

"కొంచెం ఉండు తల్లీ, పిల్ల పోయింది పిలుచుకొచ్చేదానికి," అంది మణెమ్మ. "నీ కాల్ మాకు శానా విలువైంది. ఏ ఊరమ్మా మీది?"

ఫోన్ కట్టయింది. అవతలి మనిషి 'ఉంటా' అని కూడా అనలేదు.

మోషే మనవరాలి చెయ్యి పట్టుకుని, రొప్పుతూ దిబ్బ ఎక్కి వచ్చాడు. మణెమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుని నోటి దగ్గర పెట్టుకుని, ఆగిపోయిన ఫోన్లోకి స్పష్టంగా, గట్టిగా, "ఆఁ," అన్నాడు.

సాయంత్రానికి మెసేజీ వచ్చింది. వినియోగదారుడు అందుబాటులో లేనందున మంజూరు రద్దయింది. కస్టమర్లను ఫోన్‌లో అందుకోవడం నానాటికీ కష్టమైపోతోందని శ్రీ లక్ష్మీనరసయ్య గారు తర్వాతి సమావేశంలో ఆవేదన వ్యక్తం చేశారు.